గోతిలోంచి తీసిన వేరు

పొద్దున్నే ఆ ఇంటి పొయ్యి మీద రెండు గిన్నెల్లో కొయ్య ముక్కలు ఉడికేవి. ఒకదానిలో వేరు, రెండోదానిలో అదే చెట్టు మాను. ఇప్పుడు ఆ పొయ్యి మీద ఒంటి మనిషి వంటకు సరిపడా చిన్న గిన్నె ఒక్కటే ఉంటోంది.

వాటిని ఉడికించే ఇల్లాలి భర్త చెట్ల పరిశోధనశాలలో పొరలు కోసేవాడు. ఉడికి మెత్తబడ్డ ముక్కను ఉల్లిపొరకన్నా పల్చగా కోసి గాజు పలక మీద పరిచేవాడు. వేరుకూ మానుకూ లోపల తేడా ఏమిటో అక్కడి పెద్దసారు చూసి రాసుకునేవారు.

"ఏమ్మా కొయ్యలమ్మా, ఇవాళ వేళ్ల కూరా, మొద్దుల కూరా?" అని పక్కింటావిడ వేళాకోళం చేసేది.

కాపురానికొచ్చిన కొత్తలో ఆమె రెండూ ఒకే గిన్నెలో పడేసింది. మాను ఇంకా రాయిలా ఉండగానే వేరు పీచుపీచైపోయింది.

"వేరుకు నీళ్లు తాగే గొట్టాలు పెద్దవే పిచ్చిమొహమా, ఇట్టే మెత్తబడుతుంది. మాను బరువు మోసేది, అందుకే ఆ మొండితనం" అని ఆయన పడీపడీ నవ్వాడు.

ఆ మనిషిని మట్టి మింగేసింది. పెద్ద వాన వెలిసిన మర్నాడు వేరు కోసం తవ్విన గోతిలోకి దిగితే గట్టు విరిగి మీద పడింది. వద్దన్నా తనే దిగాడని పెద్దసారు ఊరంతా చెప్పుకొచ్చారు.

ఇవాళ మరిది బకెట్టుతో వచ్చాడు. అతనిదీ పరిశోధనశాలలోనే కొలువు.

"వదినా, ఆ గోతిలో అన్న కోసిన ఆఖరి వేరు ఇది. నీ చేత్తో ఉడికిస్తేనే పొర చిరగదని సారు..."

"మీ సారుకు సిగ్గుందా? పలకరించడానికి కాళ్లు రాలేదు గానీ, ముక్క పంపడానికి చేతులొచ్చాయా? గట్టు మీద తాడు పట్టుకున్నది నువ్వేగా. ఎవరు దిగమన్నారో చెప్పు."

మరిది తల దించుకున్నాడు. "సారే. రేపు చూద్దామని అన్న అంటూనే ఉన్నాడు."

"ఆ మాట నలుగురి ముందూ అను. అప్పుడు ఉడికిస్తా."

"కొలువు పోతుంది వదినా. పిల్లలున్నవాణ్ణి."

ఆమెకు ఒళ్లు భగ్గుమంది. "నీకు పిల్లలున్నారు, మీ సారుకు పరువుంది. చచ్చినవాడికి మాత్రం ఏమీ అక్కర్లేదా? తప్పంతా వాడి నెత్తిన రుద్ది హాయిగా బతకండి ఇద్దరూ! లే ఇక్కణ్ణుంచి!"

మరిది చెప్పులేసుకుంటూ గొణిగాడు. "పోనీ, పూటపూటా నీళ్లయినా మార్చు. కుళ్లిపోతుంది."

మర్నాటికి బకెట్టులో నురగ కట్టింది. ఆమె దాని పక్కనుంచే కుళాయి నీళ్లు మోసుకెళ్లి, అంట్లు తోమి, బట్టలుతికి, వాకిలి కడిగింది. ఆ నీళ్లు మాత్రం మార్చలేదు.