తప్పిన కంది సాలు

సోమప్ప కాలు ఒకచోట నిలిచేది కాదు. గుమ్మఘట్ట పక్కన నాలుగెకరాల ఎర్రనేల ఆయనది. మబ్బు కనబడితే చాలు, చేనికీ ఇంటికీ పదిసార్లు తిరిగేవాడు. ఈ ఏడు ఆరుద్ర కార్తెలో గానీ నేల జానెడు లోతుకు తడవలేదు. విత్తేందుకు చాలే ఆ పదును రెండు రోజులు నిలిస్తే గొప్ప. ఓబిలేష్ ఎద్దులు కూడా మధ్యాహ్నం వరకే బాడుగకు దొరికినాయి.

సరిగ్గా ఆ పొద్దునే లహరి వచ్చింది. మానవశాస్త్రం చదివే పిల్ల. కరువు నేల మనుషులు రేపటిని ఎట్లా తలుస్తారో రాసుకోవాలట. కాలం అందరికీ ఒకే తీరుగా నడవదంటారు ఆ శాస్త్రం వాళ్లు. కొందరికి గీతలా సాగుతుందట, కొందరికి చక్రంలా తిరుగుతుందట. కావచ్చు. సోమప్ప చేనిలో మాత్రం రెండు కాలాలు పక్కపక్కనే మొలుస్తాయి: పది సాళ్లు వేరుశెనగ, పదకొండో సాలు కంది. వాన ఎగ్గొట్టి శెనగ మాడినా, కంది లోతుకు వేరుదన్ని పుష్యమాసం దాకా నిలబడుతుంది. పోయినేడు ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది కందితోనే.

“పదేళ్ల తర్వాత ఈ చేను ఎట్లుంటుందనుకుంటారు, పెద్దాయనా?”

“నడుస్తా అడుగు పాపా, ఎద్దులు నిలబడవు.”

నాగలి వెనక విత్తనం వదుల్తా ఆయన ఆలోచనలో పడినాడు. పదేండ్లు! ఇంతవరకు ఎవరూ అడగలేదు. బోరు పడతాదో, సోలారు పలకలొస్తాయో, తానే ఉంటాడో... నోరు ఆపకుండా చెప్తానే పోయినాడు.

నాగలి తోలుతున్న ఓబిలేష్ ఎద్దులను నిలిపినాడు. “ఏమన్నా, కంది యాడ?”

వెనక పదహారు సాళ్లు, అన్నీ శెనగే. కందులు సోమప్ప పంచె ఒడిలో అట్లే ఉండాయి.

గట్టు మీద నుంచి భార్య ఈశ్వరి అరిచింది: “పదేండ్లు చూస్తా చూస్తా పుష్యమాసం మర్చిపోతివా? అప్పుడేం తినల్ల, ఆ పాప కాయితాలా?”

లహరి ముఖం చిన్నబోయింది.

“ఆ సాలు ఇంకోసారి తోలు ఓబిలేషా,” అన్నాడు సోమప్ప.

“తోలితే ఏసిన శెనగంతా పైకొస్తాదన్నా. మధ్యాహ్నం నేను ఇంకో చేనికి పోవల్ల.”

పైమన్ను అప్పటికే ఆరి పాలిపోతాంది. సోమప్ప శెనగ గంప ఈశ్వరికిచ్చి, నాగలి వెనక ఆమెను పంపినాడు. తాను కట్టె తీసుకుని పదో సాలు పక్కన బొక్కలు పొడవడం మొదలుపెట్టినాడు. లహరి కాయితాలు సంచిలో పెట్టి, చెయ్యి చాపింది. ఆయన అందులో కందులు పోసినాడు. బొక్కకు రెండు గింజలు.

సగం సాలు అయినాక ఆయన నిలబడినాడు.

“ఏదో అడిగితివే పాపా?”

“పదేళ్ల...”

“అది గాదు. పదును ఇంకా ఉండాదా, అది చూడు.”

ఆమె బొక్కలో వేళ్లు పెట్టింది. “అడుగున చల్లగా ఉంది.”

“అయితే వెయ్యి,” అంటూ కట్టె ముందుకు పొడిచినాడు.