ఏడుపక్క చదివిన నవల

డబ్బింగ్ స్టూడియోలో ఆమెను అందరూ ఏడుపక్క అంటారు. వెనకాల కాదు, మొహమ్మీదే. సీరియళ్లలో నాయికలకు మాటలు చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. ఏడవాల్సి వస్తే మాత్రం ఈమెకే కబురు. వెక్కిళ్లు, మూలుగు, ముక్కు ఎగబీల్చడం, గొంతు పూడుకుపోవడం, ఏది కావాలంటే అది. తెర మీద పెదవి వణికితే మైకు ముందు ఈమె గొంతు వణుకుతుంది. ఇరవై ఏళ్లుగా ఇదే పని. టైటిల్స్‌లో ఒక్కసారీ పేరు పడలేదు. భర్త మాత్రం టీవీ ముందు కూర్చుని, అదుగో మా ఆవిడ మళ్లీ మొదలెట్టింది అని చుట్టాలకు వినిపిస్తుంటాడు. ఆమె కూడా నవ్వేస్తుంది.

అలాంటి మనిషికి ఒక నవల మొత్తం చదివి రికార్డు చేసే పని వచ్చింది. చదివినవాళ్ల పేరు మొదట్లోనే చెబుతారట. అది విన్నప్పటి నుంచి ఆమె మనసు మనసులో లేదు. స్టూడియో యజమాని ఒకే మాట అన్నాడు: మధ్యాహ్నానికి మొదటి అధ్యాయం కుదరకపోతే పని వేరే ఆవిడకి ఇచ్చేస్తానని.

పొద్దున అసలు కుదరలేదు. నోరు తెరిచి, ఎదురుగా ఉన్న ఖాళీ తెరకేసి చూస్తూ ఉండిపోయింది. ఏమైందక్కా అని అద్దం అవతలి నుంచి రికార్డిస్టు అడిగితే, పెదవులు ఇంకా కదల్లేదు అని చెప్పి నాలుక కరుచుకుంది. అక్కడ కదలడానికి ఎవరున్నారు గనక! అతను పగలబడి నవ్వాడు. తర్వాత చదివింది గానీ, ప్రతి వాక్యమూ ఎవరో ఒక నాయికలాగే వచ్చింది. ఇది ఫలానా పెద్ద కోడలు, ఇది ఫలానా మరదలు అని అతను గుర్తుపట్టి ఆపేస్తున్నాడు.

చివరికి ఆమె లేచి, కుర్చీ తిప్పుకుని, తెరకు వీపు పెట్టి కూర్చుంది.

అధ్యాయం చివర ఇంట్లో వాళ్లంతా బయటికి వెళ్లిపోతారు. నవలలోని స్త్రీ మంచం అంచున కూర్చుని గదంతా కలయజూస్తుంది. ఇందులో తను కావాలనుకుని తెచ్చుకున్నది ఏదైనా ఉందా అని వెతుకుతుంది. ఆ పేజీకి వచ్చేసరికి యజమాని వచ్చి అద్దం అవతల రికార్డిస్టు పక్కన నిలబడ్డాడు.

"అక్కడ ఏడుపు పడాలమ్మా. నిన్ను పిలిచిందే అందుకు."

"ఆవిడ ఏడవట్లేదండీ. ఆలోచిస్తోంది."

"ఆ సంగతి వినేవాళ్లకెలా తెలుస్తుంది?"

"ఏడిస్తే అసలు తెలీదండీ. అయ్యోపాపం అనేసి ఊరుకుంటారు."

యజమాని గడియారం చూసుకుని, సరే కానివ్వమన్నాడు, అయిష్టంగానే.

అప్పుడు వచ్చింది ఆ గొంతు. కాస్త బొంగురు, కాస్త నెమ్మది. ఎవరినీ జాలిపడమని అడగని గొంతు. పదిమంది ఏడుస్తున్నా అందులో ఈమె వెక్కిలి ఏదో చెప్పగల రికార్డిస్టు, ఇది మాత్రం ఎన్నడూ వినలేదు. ఒక వస్తువు మీంచి ఇంకో వస్తువు మీదికి ఆ స్త్రీ చూపు జరుగుతుంటే, అద్దం అవతల ఉన్న ఇద్దరూ తమ ఇళ్లలోని గదులు చూస్తున్నట్టు ఉండిపోయారు. ఆ స్త్రీకి వెతికింది దొరకని చోట ఆమె ఆగింది. చాలాసేపే ఆగింది. నిశ్శబ్దం వస్తే కత్తిరించడం అతని వృత్తి. చెయ్యి ముందుకు పోలేదు. యజమాని కూర్చోవడం మరిచిపోయాడు.

అధ్యాయం అయిపోయింది. పేరు కూడా ఇప్పుడే రికార్డు చేసేద్దాం అన్నాడు యజమాని. రికార్డిస్టు ఆమె పేరు రాసుకోవడానికి పెన్ను తీసి, ఏం రాయాలో తెలియక తలెత్తాడు.

"అక్కా, మీ పేరు..."

ఆమె మైకు దగ్గరికి జరిగి, అదే గొంతుతో తన పేరు చెప్పింది. రెండో టేకు ఎవరూ అడగలేదు.