సగంలో ఆపేసిన దెయ్యం నాటకం

తెలంగాణ ఏర్పడిన మరుసటి ఏడాది వానాకాలం మొదట్లో నన్ను కాగజ్‌నగర్‌కు ప్రచార అధికారిగా వేశారు. మాది ఊళ్లలో ఆరోగ్య ప్రచారం చేసే ఒక స్వచ్ఛంద సంస్థ. పేరు అవసరం లేదు. వినడానికి పెద్ద హోదాలా ఉంటుంది గానీ నా కింద ఉన్నది ఒక వ్యాను, ఒక మైకు సెట్టు, ఆరుగురు కళాకారులు. జ్వరమొస్తే మంత్రగాడి దగ్గరికి కాదు, దవాఖానకు పోవాలని నాటకం ఆడి చెప్పడం మా పని. రాయవలసింది నేనే. నేను రాసిన ఒక నాటకం మల్లవ్వ అనే ముసలామెకు సొంత ఇల్లు లేకుండా చేసింది.

దెయ్యాల నవలలంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. సినిమాలూ వదల్లేదు. కోరలు, గోళ్లు, అరుపులు ఉన్న దెయ్యాన్ని హాలు దాటగానే మర్చిపోతాం. ఇంటిదాకా వెంట వచ్చేది వేరు. అది మామూలు మనిషిలాగే ఉంటుంది. అరవదు, ఉరకదు. ఎక్కడో ఒక్కటే తేడా ఉంటుంది. నా నాటకంలో అలాంటి దాన్నే పెట్టాను. తెల్లచీర, విరబోసిన నెరిసిన జుట్టు, ఒక కన్ను తెల్లగా. రాజన్న అనే నటుడు ఒక కన్ను మూసుకొని రెప్ప మీద తెల్లరంగు పూసుకునేవాడు. జనం వెనక నుంచి వచ్చి, నోరు విప్పకుండా ఒక్కో ఇంటినీ చూస్తూ నిలబడేవాడు. అది చూసిన ఇంట్లో పిల్లకు జ్వరం. ఇది మొదటి సగం. రెండో సగంలో డాక్టరు వచ్చి రక్తపరీక్ష చేస్తాడు, మలేరియా అని తేలుతుంది, రాజన్న విగ్గు తీసి ముఖం కడుక్కుంటాడు. మొదటి సగానికి పెద్దవాళ్లు కూడా ఊపిరి బిగబట్టేవారు. నాకు మహా గర్వంగా ఉండేది.

ఒక ఊళ్లో మధ్యాహ్నం మూడింటికి ఆట మొదలుపెట్టాం. రాజన్న ఇళ్లన్నీ చూసి పక్కకు తప్పుకున్నాడో లేదో వాన దంచికొట్టింది. జనం చూరుల కిందికి పరుగెత్తారు. ఐదింటికి ఇంకో ఊళ్లో ఆట ఉంది. అది తప్పితే మేనేజరుకు రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవాలి. సామాను ఎక్కించమన్నాను.

రాజన్న ఒప్పుకోలేదు. "సగంల ఇడిసిపెట్టి పోవుడు మంచిగుండది సారూ. జర ఆగుదాం. వాన తగ్గినంక గా డాక్టరు ముచ్చటొక్కటి చెప్పి పోదాం," అన్నాడు. వచ్చే వారం వచ్చి పూర్తి చేద్దామన్నాను. ప్రతి ఆటకూ ఒక ఫారం ఉండేది. ప్రదర్శన సంపూర్ణంగా జరిగిందని సర్పంచ్ సంతకం పెట్టి ముద్ర వేయాలి. ఆట సగమే అయినా ఆ సంతకం వ్యానులో కూర్చునే పెట్టించుకున్నాను. ఆ వచ్చే వారం మేము పోలేదు.

మల్లవ్వ ఆ ఊరి చివర ఒంటరిగా ఉండేది. ఎడమ కంటికి పొర వచ్చి తెల్లబడింది. మాటలు తక్కువ. మా ఆట అయిన కొన్నాళ్లకు ఊళ్లో జ్వరాలు మొదలై ఒక పాప చనిపోయింది. ఇదంతా ఆమె పనేనని, పట్టపగలు మల్లవ్వను ఇంట్లోంచి ఈడ్చుకొచ్చి కరెంటు స్తంభానికి కట్టి కొట్టారు. ఇక మంత్రం పలకలేకుండా చేయాలని పళ్లు ఊడగొట్టారు. పోలీసులు వచ్చేసరికి ప్రాణం మాత్రం ఉంది.

విచారణకు నన్నూ పిలిచారు. స్టేషన్లో ఆ పాప తండ్రి నన్ను గుర్తుపట్టాడు. "మాకేమెరుక సారూ? తెల్లకన్నుది ఇండ్లు సూస్తె జరమొస్తదని మీరే గద సూపిచ్చిండ్రు. బండేసుకొచ్చి, మైకు పెట్టి మరీ సూపిచ్చిండ్రు," అన్నాడు. అతను కోపంతో అనలేదు, నిజంగానే అడిగాడు. ఎస్సై నా ఫారం తిరగేశాడు. ప్రదర్శన సంపూర్ణం అని ఉంది. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అది నాటకమని, వేషం లోపల ఉన్నది మా నటుడేనని ఊరంతటికీ తెలుసు. కానీ దెయ్యం ఎలా ఉంటుందో చెప్పినవాళ్లం, అది అబద్ధమని చెప్పకుండా వచ్చేశాం.

ఆసుపత్రికి వెళ్లి మల్లవ్వకు నేనెవరో చెప్పాను. వాచిన నోటితో మెల్లగా అడిగింది. "నన్ను సూసి రాసినవా, కొడుకా?"

లేదవ్వా, నిన్ను ఎన్నడూ చూడలేదన్నాను.

"మరి నా అసొంటిదాన్నే ఎందుకు పెట్టినవ్?"

నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే. నేను చదివిన పుస్తకాల్లో, చూసిన సినిమాల్లో ఎక్కువ దెయ్యాలు అలాగే ఉండేవి. భర్త లేని, జుట్టు నెరిసిన, వెనక అడిగేవాళ్లు లేని ఆడమనిషి. ఆ మాట ఆమె ముందు అనలేకపోయాను. తర్వాత కొండగట్టు దగ్గరుండే చెల్లెలి కొడుకు వచ్చి ఆమెను తీసుకుపోయాడు. ఆమె తన ఇంటికి మళ్లీ రాలేదు.

పోలీసులను వెంటబెట్టుకొని ఆ ఊరికి పోయి మిగిలిన సగం ఆడాం. రాజన్న విగ్గు తీస్తే చప్పట్లు కూడా కొట్టారు. మల్లవ్వ ఇంటి పెంకులు అప్పటికే ఎవరో ఎత్తుకుపోయారు.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా డాక్టరు మాటనే మొదట పెట్టాను. దెయ్యం వేషగాడు జనం ఎదుటే కూర్చుని రంగు వేసుకునేవాడు. భయం పోయి ఆట చప్పబడిందని మేనేజరు రెండుసార్లు రాశారు. నిజమే, చప్పబడింది. మార్చలేదు.

ఈ పని చేసేవాళ్లు సలహా అడిగితే ఒక్కటే చెబుతాను. దెయ్యానికి ముఖం పెట్టేముందు ఊరంతా ఒకసారి తిరగండి, ఆ ముఖంతో అక్కడ ఎవరైనా బతుకుతున్నారేమో చూడండి. నేను తిరగలేదు.