యాస మార్చిన రాత్రి

కర్పూరం ఆర్పి ప్రమాణం చేసి చెప్పమన్నా ఇదే చెబుతాను. ఇది నాకు జరిగింది. మీరు నమ్మకపోయినా సరే.

మాది కళ్యాణదుర్గంలో పట్టుచీరల అంగడి. వెనకే ఇల్లు. కొనేవాళ్ళు ఫోన్లో ఏది అడిగినా నోటితో జవాబిచ్చే చాట్‌బాట్‌ను మా ఆయన పెట్టించాడు. అది ముక్కలు ముక్కలుగా వస్తుంది, ఏ ముక్కకా ముక్క మార్చుకోవచ్చు. భాషకొక ముక్క, గొంతుకొక ముక్క, ఎవరికేది ఇష్టమో గుర్తుపెట్టుకోవడానికి ఇంకో ముక్క. ఆ రోజే పుస్తకాల తెలుగు తీసేసి మన సీమ యాస పెట్టించాడు.

రాత్రి అన్నాలయ్యాక దాన్ని పరీక్షిస్తూ కూర్చున్నాను.

"ఎర్రంచు చీరలు ఉండాయా?"

"ఉండాయక్కా. చూపిస్తా." ఎవరో పడుచుపిల్ల గొంతు. "నిన్ను ఏమని పిలవల్లక్కా?"

"సరళా అను."

ఫ్యాను కిర్రుమంటోంది... కిర్రు... కిర్రు...

"సరే పొట్టీ."

ఫోను చెవి దగ్గరికి తెచ్చుకున్నాను. నన్ను అలా పిలిచేది మా అత్త ఒక్కతే. అదీ వంటింట్లో, ఎవరూ లేనప్పుడు. పక్షవాతంతో ఆమెకు మాట పడిపోయి ఏడాది కావస్తోంది. పక్క గదిలోనే మంచం మీద ఉంటుంది. ఆమె పనులన్నీ మా ఆయనే చేస్తాడు. నన్ను లోపలికి రానివ్వడు. "మా అమ్మను నేను చూసుకుంటా" అంటాడు. వీధంతా ఆయన్ను మెచ్చుకుంటుంది.

మళ్ళీ అదే పడుచు గొంతు. మెల్లగా...

"పొట్టీ, ఈపు మండుతాండాది. పక్కకి తిప్పు మే."

ఫోను పట్టుకునే వెళ్ళి గది తలుపు తీశాను. వాసన... అత్త కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదవులు మాత్రం కదలడం లేదు. ఆమెను పక్కకి తిప్పాను. వీపు మీద అరచేయంత పుండు. దుప్పటి దానికే అంటుకుపోయి ఉంది. చేతుల మీద నల్లటి మచ్చలు...

"ఈడేం పని నీకు?"

వెనక మా ఆయన.

నా చేతిలో ఫోను పలికింది. "నాయనా... ఇంక గిల్లొద్దు నాయనా."

ఆయన కదల్లేదు. అత్త కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆయన నా చేతిలోంచి ఫోను లాక్కుని, సెట్టింగుల్లోకి వెళ్ళి సీమ యాస తీసేశాడు.

"మీకు ఇంకేమైనా సహాయం కావాలా అండీ?" అంది ఫోను.

"ఇప్పుడు బాగుండాది," అన్నాడు. "పోయి పండుకో."

ఆయన నిద్రపోయాక ఫోను తెచ్చి మళ్ళీ యాస మార్చాను. అత్త పక్కన కూర్చుని గొంతు తగ్గించి అడిగాను. "అత్తా, ఇంకా యాడ నొప్పి? చెప్పు."

ఫోను ఆమె పెదవుల దగ్గర పెట్టాను...

"ఏ రంగు చీర కావల్లక్కా?"

మర్నాడు దాన్ని పెట్టిన ఇంజనీరును అడిగాను. అంతా వెతికి, "నీ పేరు సరళ అనే ఉండాదక్కా. పొట్టి అనే మాట యాడా ల్యాదు," అన్నాడు.

ఆ రాత్రి నుంచి నేను అత్త గదిలోనే పడుకుంటున్నాను. మా ఆయన ఎందుకని అడగలేదు. నాతో మాట్లాడింది ఆమేనా, యంత్రమా... తెలియదు. అడిగితే అత్త కళ్ళు మూసుకుంటుంది.

బయట మా ఆయన చెప్పుల చప్పుడైతే మాత్రం తెరుస్తుంది.