నేను కోసేసిన ఊపిరి

సారు పోయారన్న కబురు వచ్చేసరికి ఆయన నా చెవుల్లో మాట్లాడుతూనే ఉన్నారు. వచ్చే మంగళవారం వినిపించాల్సిన భాగం సరిచేస్తూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. "పండు కొరికి తినండ్రి, పిండుకోని తాగకుండ్రి" అంటున్నారు సారు. పనిలో ఉన్నప్పుడు నేను ఫోన్ ఎత్తను. మూడోసారి మోగితే విసుక్కుంటూ ఎత్తాను. అవతల సారు దవాఖానలో పనిచేసే కాంపౌండర్. "అన్నా, సారు చచ్చిపోయిండే" అని ఏడ్చాడు. పొద్దున్నే వాకింగ్‌కు పోదామని బూట్లు వేసుకుంటూ కుర్చీలో అలాగే ఒరిగిపోయారట. నేను ఒక చెవికి హెడ్‌ఫోన్, ఒక చెవికి ఫోన్ పెట్టుకుని ఉన్నాను. హెడ్‌ఫోన్ ఉన్న చెవిలో సారు జామపండు గురించి చెబుతున్నారు. ఆపుదామంటే చెయ్యి రాలేదు. ఆ భాగం అయిపోయేదాకా విన్నాను.

హనుమకొండలో నాది పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే చిన్న యూనిట్. రెండంతస్తుల పైన ఒక గది, ఒక ఏసీ, రెండు కంప్యూటర్లు. సారు నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో డాక్టరు. జ్వరం వచ్చినా, కూతురికి సంబంధం వచ్చినా జనం ఆయన దగ్గరికే వెళ్లేవారు. ఆయన దగ్గర చదువుకున్న ఒక డాక్టరమ్మ డోర్నకల్‌లో క్లినిక్ పెట్టుకుంది. రోగం వచ్చాక మందులు రాసేకన్నా రాకముందే నాలుగు ముక్కలు చెబుదాం సార్ అని ఆమే పట్టుబట్టి ఈ పాడ్‌కాస్ట్ మొదలుపెట్టించింది. దానికి "పైలం" అని పేరు పెట్టింది మాత్రం సారే. జాగ్రత్త అని చెప్పడానికి మా దగ్గర అంతకన్నా ప్రేమగల మాట లేదు.

పద్ధతి ఏమిటంటే, సారు నా గదికి వచ్చి తన మాటలు రికార్డు చేసేవారు. డాక్టరమ్మ తన మాటలు డోర్నకల్ నుంచి ఫోన్లో రికార్డు చేసి పంపేది. ఇద్దరినీ కలిపి కుట్టేది నేను. వినేవాళ్లకు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని చాయ్ తాగుతూ ముచ్చట పెట్టుకుంటున్నట్టే ఉండేది. అది నా పనితనం. దాన్ని చూసుకుని నాకు గర్వం కూడా ఉండేది, అబద్ధమెందుకు.

"మానేయండి" అనే మాట సారు నోట నేను వినలేదు. "ఈ నెల చక్కెర అర చెంచ, పై నెల పావు చెంచ. నాలికకు జర టైమియ్యండ్రి, అది గూడ మన ఇంటి మనిషే" అనేవారు. ఆవకాయ తినొచ్చా సార్ అని ఎవరో అడిగితే, "తిను, కాని సీస కంచం పక్కన పెట్టుకోకు. వంటింట్లనే ఉంచు. లేచిపోయి తెచ్చుకునేంత ఇష్టముంటే తెచ్చుకో" అన్నారు. ఆ వారం మా ఇంట్లో ఆవకాయ సీసా వంటింట్లోకి వెళ్లిపోయింది. నన్ను కూడా వదిలిపెట్టలేదు. నా పొట్టవంక చూసి చూసి ఒకరోజు ప్రింటరు తీయించి అవతలి గదిలో పెట్టించారు. కాగితం కావలసినప్పుడల్లా లేవాలని. నేను లోపల తిట్టుకుంటూ లేచేవాణ్ణి. ఆర్నెల్లకు ప్యాంటు వదులైంది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే ఇంకేం జరుపుతారోనని భయం.

మా మెట్లు నిలువుగా ఉంటాయి. మొదటి అంతస్తులో ఒక టైలర్ ఉంటాడు. మొదట్లో సారు నేరుగా పైకి వచ్చేసేవారు. పోను పోను టైలర్ దగ్గర ఆగి, అతని స్టూలు మీద కూర్చుని, పిల్లల చదువులు, కాజాలు, గుండీలు అన్నీ అడిగి అప్పుడు వచ్చేవారు. సారుకు మనుషులంటే ఎంత ఇష్టమో చూడమని మా ఆవిడతో గొప్పగా చెప్పాను కూడా. పది నిమిషాలు, తర్వాత పావుగంట. ఒకరోజు టైలరే నాతో, "సారు ఏం మాట్లాడ్తలేడన్నా, ఉత్తగనే కూసుంటాండు" అన్నాడు. పెద్దాయన, అలసట ఉంటుంది అనుకున్నాను.

ఆ రోజుల్లోనే ఆయన మాటల మధ్య ఒక చప్పుడు మొదలైంది. నాలుగు మాటలకు ఒకసారి గాలి లోపలికి లాగుతున్న చప్పుడు. తర్వాత మూడు మాటలకు ఒకసారి. నేను పెళ్లి వీడియోలు చేసేవాణ్ణి. పంతులుగారి దగ్గు, మేనమామ అలిగి లేచిపోవడం, వంటవాళ్ల కేకలు, ఏవీ ఉంచను. అందంగా ఉన్నదే మిగలాలి. సారు ఊపిరిని కూడా అలాగే తీసేశాను. వారం వారం, ఒక్కొక్కటిగా, ఎంతో ఓపికగా. అతుకు తెలియకుండా. అది విని సారు నవ్వి, "ఇదేంది బిడ్డా, నన్ను ఇరవై ఏండ్లు ఎనుకకు తీస్కపోయినవ్" అన్నారు. నేను పొంగిపోయాను.

మెట్ల గురించి చెప్పిన భాగం ఒకటుంది. "రెండంతస్తులెక్కి ఆగకుంట మాట్లాడగల్గితే మీకు ఫికర్ లేదు. మొన్నటిదాక ఎక్కినోళ్లు ఇయ్యాల ఎక్కలేకపోతే మాత్రం వయసని ఊకోకుండ్రి, దవాఖానకు పోండ్రి." ఈ రెండు వాక్యాలు పూర్తిచేయడానికి సారు ఏడుసార్లు ఆగారు. రికార్డింగ్ అయ్యాక నా పక్కకు వచ్చి కూర్చున్నారు. తెర మీద గొంతు గీతలు గీతలుగా కనిపిస్తుంది కదా, ఒక ఖాళీ మీద వేలు పెట్టారు.

"ఇది గూడ తీస్తవా?" అన్నారు.

"తీస్త సార్. ఎవ్వలకు తెల్వది" అన్నాను హుషారుగా.

ఆయన ఆ ఖాళీ వంకే కాసేపు చూశారు. "తియ్యి" అన్నారు.

నలభై ఏళ్లు స్టెతస్కోపు పట్టిన మనిషికి ఆ ఖాళీ ఏమిటో తెలియదా? తెలిసే ఉంటుంది. మరి ఎందుకు తియ్యి అన్నారు? భయపడ్డారా? వినేవాళ్లు భయపడతారనుకున్నారా? లేక నేను అడగాలని, ఎందుకు సార్ ఇట్ల ఆయాసం వస్తుంది అని ఒక్క మాట నా నోట రావాలని చూశారా? ఆ "తియ్యి" నన్ను వదలడం లేదు. ఇప్పుడు ఎవరు మాట్లాడినా నాకు మాటలు వినిపించవు, మధ్యలో ఖాళీలు వినిపిస్తాయి. కూరగాయలమ్మే ఆమెతో బేరమాడుతూ ఆమె ఊపిరి లెక్కపెడుతున్నాను. కరెంటు పోయి ఏసీ ఆగితే గదిలో ఎవరో గాలి లాగినట్టుంటుంది. ఉలిక్కిపడి సారు కూర్చునే కుర్చీ వంక చూస్తాను.

సారు పోయిన వారానికి చౌరస్తాలో కిరాణా కొట్టుకు వెళ్లాను. అక్కడి సేటు ప్రతి మంగళవారం గల్లా మీద ఫోన్ పెట్టుకుని "పైలం" వినేవాడు. గిరాకీ వచ్చినప్పుడల్లా లేచి నిలబడి సామాను ఇవ్వమని సారు చెబితే, నిజంగానే లేచేవాడు. ఆ రోజు మాత్రం కూర్చునే పప్పు పొట్లం తోశాడు. "నడువుండ్రి నడువుండ్రి అన్న డాక్టరే బూట్లేసుకుంట పాయె. ఇగ మనం నడిచి ఏం జేస్తమన్నా?" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. కానీ ఏం చెప్పను? సారు చెప్పింది తప్పు కాదు, తనకు తాను చెప్పుకోలేదు, ఎవరూ కనిపెట్టకుండా నేను కత్తెర పట్టుకుని కూర్చున్నాను అని చెప్పాలి. ఆయన రెండేళ్లు చెప్పినదంతా ఒక నవ్వుతో కొట్టుకుపోతోందని తెలుస్తూనే ఉంది. పొట్లం తీసుకుని వచ్చేశాను.

దినాలు అయిన మర్నాడు డాక్టరమ్మ డోర్నకల్ నుంచి రైలెక్కి వచ్చింది. ఆ మంగళవారం నేను పెట్టలేకపోయిన సారు చివరి భాగం ఒకటి మిగిలి ఉంది కదా, అది వినాలంది. కోయనిది పెట్టాను. ఒక్క నిమిషం విని హెడ్‌ఫోన్లు తీసేసింది.

"ఇది ఎప్పటిది?"

"పోయే నాలుగు రోజుల ముందుది మేడమ్."

"అంతకు ముందువి?"

ఒక్కొక్కటే వెనక్కి పెట్టుకుంటూ పోయాను. ఆమె కళ్లు మూసుకుని విన్నది. ఏడు నెలల వెనకటి దాని దగ్గర చెయ్యెత్తి ఆపమంది. "ఇక్కడ షురువైంది" అన్నది. ఫోన్ చేస్తే సారు రెండు ముక్కల్లో ముగించేవారట. ప్రతి మంగళవారం పాడ్‌కాస్ట్‌లో ఆ గొంతు వింటూ, సారుకేం, దిట్టంగున్నడు అనుకునేదట.

"నన్ను తిట్టుండ్రి మేడమ్" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"నువ్వు వీడియోలు కోసేటోనివి" అన్నది. "నేను డాక్టర్‌ను. రైలెక్కితే గంటన్నర లేదు, ఏడు నెలలు రాకపోతి." తిడితే బాగుండేది.

లేవబోతూ, "చివరిది మంగళారం పెట్టు. ఉన్నదున్నట్టు" అన్నది. మొదట్లో వేయమని అక్కడే నిలబడి నాలుగు మాటలు రికార్డు చేసింది: "మా సారు ఊపిరి ఏడు నెలలు మీకు వినపడనియ్యలేదు. ఇయ్యాల వినుండ్రి. మీ ఇంట్ల ఎవరన్న ఇట్ల ఆగాగి మాట్లాడ్తే, వాళ్లు ఏం లేదన్నా నమ్మకుండ్రి. పట్టుకపోండ్రి."

జీవితంలో మొదటిసారి ఏమీ కోయకుండా ఒక రికార్డింగు పంపాను.

మంగళవారం పొద్దున ఇంట్లో ఉండలేక చౌరస్తాకు నడిచాను. కిరాణా కొట్టులో సేటు ఫోన్ గల్లా మీదే ఉంది. వినడం మానలేదన్నమాట. సారు మాట్లాడుతున్నారు. మూడు మాటలు చెప్పి ఆగారు. సేటు ఫోన్ తీసి విదిలించాడు. తెర మీద వేలితో పొడిచాడు. "నెట్ ఆగినట్టుంది" అన్నాడు నాతో.

"నెట్ కాదు సేటూ. జరాగు" అన్నాను. "సారు ఊపిరి తీస్కుంటాండు."

సేటు ఫోన్ మెల్లగా కింద పెట్టాడు. గల్లా మీద నుంచి లేచి నిలబడ్డాడు. చక్కెర అడిగిన ఆడమనిషి సంచి తెరిచి పట్టుకుని అలాగే ఉండిపోయింది. రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. మేం ముగ్గురం ఆ ఫోన్ వంక చూస్తూ, సారు తర్వాతి మాట కోసం నిలబడి ఉన్నాం.