సోలారు పలకలు, వడియాల మిద్దె

అరవ బడిలో చదివిన నాకు తెలుగు మాట్లాడడం వచ్చు, రాయడం రాదు. నువ్వు నేర్చుకున్నావు కాబట్టి నేను చెబుతాను, నువ్వు రాయి నాయనా. మధ్యలో నవ్వకు, అక్షరాలు వంకరపోతాయి.

గుడియాత్తంలో మన సందులో ఐదిళ్లకు ఒకటే బోరు. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోతే మోటారు ఆగిపోతుంది, బిందెలు ఖాళీ. ఐదిళ్లూ కలిసి సోలారు పలకలు పెట్టుకుంటే మోటారు ఎండతోనే తిరుగుతుందని సత్తువాచారిలో ఉన్న సోలారు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి చెప్పాడు. కుర్చీలు వేశాం, టీ ఇచ్చాం. అందరూ తలలూపారు, టీ అయిపోగానే లేచి వెళ్లిపోయారు. సరే అన్నవాళ్లు లేరు, వద్దన్నవాళ్లూ లేరు.

ఎందుకో నాకు తెలుసు. రోజంతా ఎండ పడే మిద్దె సందులో ఒక్కటే, ఎదురింటామెది. ఆ మిద్దే ఆమెకు బతుకు. వడియాలు ఎండబెట్టి అంగళ్లకూ పెళ్లిళ్లకూ అమ్ముతుంది. ఆమె పొట్ట కొట్టినట్టవుతుందని అందరికీ మొహమాటం.

ఇలాంటి మాట కుర్చీలో కూర్చోబెట్టి అడిగేది కాదు. ఆమె వడియాలు పెట్టే రోజు తెల్లవారగానే ఆడవాళ్లమంతా మిద్దె ఎక్కి తలా ఒక చెయ్యి వేస్తాం. చేతులు పిండిలో ఉంటే నోళ్లు వాటంతటవే తెరుచుకుంటాయి. గొట్టంలో పిండి నొక్కుతూ అడిగాను.

“ఏమ్మే, ఆ పలకలు నీ మిద్దె మింద పెట్టుకుందామా?”

“పెట్టండక్కా. నా వడియాలు యాడ పోసేది? నీ నెత్తినా?”

“మా మిద్దె మింద పోసుకో. సగం నీడైనా, మిగతా సగం నీకు చాలు గదా. పలకలకైతే ఆ నీడ పనికిరాదు.”

“మీ యాపచెట్టు నిండా కాకులే ఉండాయి. ఎవురు కాసేది?”

“నేను కాస్తా.”

“నువ్వా? సీరియలు పెడితే కాకి నిన్నెత్తుకుపోయినా నీకు తెలవదు గదక్కా.”

అందరూ పిండి చేతులతోనే నవ్వారు. చివరికి ఆమె ఒక పందెం పెట్టింది. ఒక్కరోజు మన మిద్దె మీద పోస్తుంది. వడియాలు బాగుంటే పలకలకు సరే, పాడైతే ఆ మాట మళ్లీ ఎత్తకూడదు.

మర్నాడు నల్ల గొడుగు, చేతిలో కర్రతో మిద్దె మీద కూర్చున్నాను. కాకులకు నలుపంటే భయమని మీ తాత నల్ల కోటు కూడా కొమ్మకు వేలాడదీశాను. నా అవతారం చూద్దామని సందంతా పైకి వచ్చింది. వచ్చినవాళ్లు ఊరికే ఉంటారా? మబ్బేస్తే మోటారు తిరుగుతుందా, కోతులు దూకితే పలక పగలదా అని ఒకరి తర్వాత ఒకరు అడగడం మొదలుపెట్టారు. నాకేం తెలుసు? ఆ ఆఫీసాయనకు ఫోను చేసి స్పీకరు పెట్టాను. టీ తాగి లేచిపోయినవాళ్లే ఆయన్ను వదల్లేదు. గట్టి మబ్బేస్తే మోటారు నెమ్మదిస్తుందని ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. అది అందరికీ నచ్చింది.

ఆ మాటల సందడిలోనే ఒక కాకి దిగింది. నేను కర్ర ఎత్తేలోపు మూలనున్న వడియం ముక్కున పెట్టుకుని ఎగిరిపోయింది. ఎదురింటామె చూడనే చూసింది. పోయింది పథకం అనుకున్నాను.

ఆమె చెట్టు వైపు చూసి, కొంగు సర్దుకుని అంది. “మా అత్త వచ్చినాది. బతికినన్నాళ్లూ ఆమెకు మూల వడియమే కావాల. పెద్దోళ్లకు ముందు పెట్టకుండా పోసింది నా తప్పే.”

“అయితే సరేనా?”

“మా అత్తే సరే అన్నాక నేనెవుర్ని? పలకలు పెట్టించండి. కాకుల్ని మాత్రం నువ్వే కాయాల.”

ఇప్పుడు మధ్యాహ్నం కరెంటు పోయినా మోటారు తిరుగుతుంది. ఎండాకాలమంతా నా ఉద్యోగం మిద్దె మీదే. ముందుగా కాకికి ఒక వడియం గోడ మీద పెడతాను, మిగతావి నేను కాస్తాను. విరిగినవన్నీ నాకే.