కాలికెందుకు కోత?

పంతొమ్మిదివందల ఎనభైల్లో మా బాపుకు హైదరాబాదులో గుండె ఆపరేషన్ చేశారు. జనగామలో రైలు దిగేసరికి ఆయన కుడికాలికి కూడా చీలమండ నుంచి తొడ దాకా కుట్లున్నాయి. పరామర్శకు వచ్చిన మేనత్త ఛాతీ వైపు చూడనే లేదు. పంచె జరిపి కాలే చూసింది.

"నొప్పేమో గుండెల. కాలెందుకు కోసిండ్రు? ఏం తీసుకున్నరో అడిగినవా?"

డాక్టరు చెప్పిందే చెప్పాను. గుండెకు నెత్తురందించే నాళం ఒకచోట పూడుకుపోయింది. కాలి నుంచి తీసిన నరం ముక్కను ఆ అడ్డుకు ఇవతలా అవతలా కలిపి కుట్టారు. ఇక నెత్తురు పక్కదారిన పోతుంది. పూడికను మాత్రం ముట్టుకోలేదు.

"అంటే రోగం లోపల్నే ఉన్నది," అంది అత్త.

నాకు ఒళ్లు మండింది.

కొన్ని నెలలకు బాపు ఆయాసం లేకుండా ఊరి బయటి మా చెలక పొలం దాకా నడిచాడు. అయినా కూర్చుంటే ఎడమకాలు పంచె కింద దాచుకునేవాడు. ఎందుకని కసిరాను.

"మల్ల అడ్డం పడితే వాళ్లకు గిది కావాలె గద."

ఆ అనుమానం తీర్చడానికే, పరీక్షకు వెళ్లినప్పుడు ఆయన ముందే డాక్టరునడిగాను.

"అవసరమైతే ఎడమకాలి నుంచే తీస్తాం," అన్నాడు డాక్టరు.

బాపు పంచె సర్దుకున్నాడు.